వాకిటి బొమ్మలు, ఆకాశదీపములు



ఆశ్వయుజ మాసము ముగింపునకు వచ్చునప్పుడు మన పట్టణములలో నొక క్రొత్త వేడుక కానవచ్చుచున్నది. ఇంటి ముంగిట పుఱ్ఱెలను, ఎముకల గూళ్లను, తెల్లబట్ట చుట్టిన దయ్యపు బొమ్మలను నిలుపుచున్నారు. గుమ్మడికాయకు కన్నులును, ముక్కును, నోరును చెక్కి లోపల దీపము పెట్టుచున్నారు. దీనిని హాలోవీన్ అందురు. అమెరికా మొదలగు దేశములందు కాపురమున్న మన పిల్లలు అచ్చట దీనిని చూచి, తామును చేసి, ఆ చిత్రములను సెల్ ఫోనులలో మన యూళ్లకు పంపుచున్నారు. వానిని చూచిన మనుమలు మనమును చేయుదమని మారాము చేయుదురు. పండుగ దినములలో గుమ్మము ముందు దయ్యము లేమి యని తాతలు కసరుదురు. ఇరువురి మాటలోను కొంత న్యాయము గలదు. కావున ఈ వేడుక యెక్కడిది, దీనికి సాటివచ్చునవి మనలో నేవి, మన పెరటి వస్తువులతోనే యిట్టి బొమ్మలను దీపములను కీడు కలుగకుండ చేయుట యెట్లు అను మూడు సంగతులను నేడు విన్నవింతును.

మొదట దాని పుట్టుక. ఐరోపా ఖండమునకు పడమటి కొసన ఐర్లండు అను ద్వీపము గలదు. అచ్చటి ప్రాచీనులు పంటకాలము ముగిసి చలికాలము ప్రవేశించు సంధిదినమును పండుగగా జరుపుకొనుచుండిరి. ఆ రాత్రి యీ లోకమునకు పరలోకమునకు నడుమనున్న తెఱ పలుచబడుననియు, పోయినవారు ఇండ్లకు తిరిగి వత్తురనియు వారి నమ్మకము. తరువాత క్రైస్తవమతము వ్యాపించినప్పుడు నవంబరు 1వ తేది సకల పుణ్యపురుషుల స్మరణదినముగను, 2వ తేది మృతులందఱి స్మరణదినముగను ఏర్పడినవి. వానికి ముందటి రాత్రి, అనగా అక్టోబరు 31వ తేది రాత్రి, హాలోవీన్. ఐర్లండు, స్కాట్లండు దేశములవారు తొలుత లావుపాటి ముల్లంగి వంటి దుంపలను తొలిచి దీపములు చేసెడివారు. 1845లో ఆరంభమైన గొప్ప కఱవు మూలమున ఐర్లండువారు లక్షల సంఖ్యలో అమెరికాకు వలసపోయిరి. అచ్చట వారికి దుంపకంటె పెద్దదియు, తొలుచుటకు సులువైనదియునగు గుమ్మడి దొరకెను. నాటినుండి గుమ్మడికాయయే ఆ పండుగకు గుఱుతైనది.

ఇక మన సంగతి చూతము. అక్టోబరు చివరి దినములు మనకు సూర్యుడు తులారాశియందుండు కాలము. ఆ కాలముననే నరకచతుర్దశియు, దీపావళి అమావాస్యయు వచ్చును. దీపావళి యనగా నరకాసురవధ యనియు, లక్ష్మీపూజ యనియు అందఱు నెఱుగుదురు. కాని ధర్మశాస్త్ర నిబంధన గ్రంథములలో ఆ దినమునకు విధించిన మఱియొక కార్యమును నేడు పలువురు మఱచిరి. అది ఉల్కాదానము. ఉల్క యనగా కాగడా. భాద్రపద బహుళమున మహాలయపక్షమునందు పితృదేవతలు తమ సంతతివారి యిండ్లకు వత్తురు. వారు మరలి పోవునప్పుడు దారి చీకటిగా నుండును. కావున తులాసంక్రమణ కాలమందలి చతుర్దశి, అమావాస్యల ప్రదోషవేళ కాగడాలు చేతబూని వారికి త్రోవ చూపవలెనని శాస్త్రము.

ఈ విధి గ్రంథములలోనే నిలిచిపోలేదు. మన పిల్లలు దీపావళి సాయంకాలమున గోగుకాడలకో ఆముదపు కాడలకో నూనెగుడ్డల వత్తులు కట్టి వెలిగించి, వీధిలో ముమ్మాఱు నేలకు కొట్టి, వెనుదిరిగి చూడక లోపలికి వచ్చి, కాళ్లు కడుగుకొని తీపి తినుచుందురు. ఆ పని యెందుకని యడిగిన ఆచారమందురు. అది ఉల్కాదానపు శేషమే. మన జిల్లా ఉత్తరపు కొసన, ఇచ్ఛాపురమునకు డొంకూరునకు చుట్టుపట్ల, తెలుగును ఒడియాయు ఒక్క వీధిలోనే వినవచ్చును. ఒడియా కుటుంబములవారు ఆ సాయంకాలమున జనుపపుల్లల కట్టలను వెలిగించి ఆకసమువైపు చూపి, తమ పెద్దలను పిలిచి, చీకటిలో వచ్చినవారు వెలుగులో మరలిపోవలెనని వేడుకొందురు. భాష వేఱైనను భావ మొక్కటియే.

మఱునాటినుండి కార్తికము. కార్తికమాసమందు దేవాలయములలోను, కొన్ని యిండ్ల ముంగిళ్లలోను ఎత్తైన స్తంభము నాటి, దాని కొనకు దీపము నెత్తుదురు. అదియే ఆకాశదీపము. ఇదియు హరిహరుల ప్రీతికొఱకును, పితరులకు వెలుగుకొఱకును ఏర్పడినది. ఇట్టి నమ్మకము లోకమున మఱికొన్నిచోట్లను గలదు. జపానువారు వేసవిలో పితరుల పండుగ చేసి కాగితపు దీపములను నీటిపై విడుతురు. మెక్సికోవారు నవంబరు మొదటి రెండు దినములలో మృతుల పటముల ముందు బంతిపూలు పఱచి, ఆ పూల వాసనయు వన్నెయు పోయినవారికి దారి చూపునందురు.

ఈ సందర్భమున నొక చిత్రమైన సంగతి చెప్పెదను. దీపావళికి మనము గుమ్మములకు గట్టు బంతి మెక్సికోనుండి వచ్చినదే. కూరకు వాడు తీపిగుమ్మడియు అమెరికా ఖండమునుండి వచ్చినదే. మనకు బ్రతుకుదెరువైన జీడిమామిడి బ్రెజిలు దేశమునుండి పోర్చుగీసువారు తెచ్చినదే. అనాదిగా ఆసియా దేశములదైనది బూడిదగుమ్మడి. దానినే మనము కూష్మాండమని, గృహప్రవేశమునందు బలికి బదులుగా కొట్టుదుము, దిష్టికి గుమ్మమున వ్రేలాడదీయుదుము. కావున గుమ్మడికాయను గుమ్మమున నుంచుట మనకు క్రొత్త గాదు. ఆ దేశపు చెట్టును మన యుద్దానములో నాటుకొని మనదిగా చేసికొనినవారము, ఆ దేశపు వేడుకనుండి మంచిని గ్రహించి మనకు తగినట్లు మార్చుకొనుటకు వెనుదీయ నక్కఱలేదు. చూచినదానిని చూచినట్లే డబ్బిచ్చి కొని తెచ్చి నిలుపుట మాత్రము తగదు. అంగడిలో అమ్ము ప్లాస్టికు పుఱ్ఱెకు మన నేలతోను మన పెద్దలతోను సంబంధమేమి?

ఉద్దానమను పేరు ఉద్యానవనమను మాటనుండి వచ్చినదందురు. కొబ్బరి, తాటి, జీడిమామిడి, పనస, వెదురు మన పెరళ్ల సొత్తు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేది తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఏండ్ల తరబడి పెంచిన కొబ్బరిచెట్లను, జీడితోటలను నేలకూల్చినది. నెల తిరుగకముందే ఆ యేటి దీపావళి వచ్చినది. ఆ దుఃఖమును మనము మఱచినవారము కాము. కూలిన చెట్టునకు బదులు పెట్టిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కావున ఈ బొమ్మలకొఱకు పచ్చని చెట్టును, లేతమట్టను నఱుకవద్దు. రాలిన మట్టలు, ఎండిన పూపొత్తుల తొడుగులు, పీచు, చిప్పలు, తాటిటెంకలు, పనికిరాని వలలు, పాతబట్టలు, పగిలిన కుండలు చాలును.

ఇప్పుడు చేయు విధానము. నిలుచు బొమ్మకు మొదటిది కఱ్ఱ. తొమ్మిదడుగుల వెదురుగడ యొకటి, అయిదడుగులది యొకటి తీసికొనుడు. పొడుగుగడకు పైనుండి అడుగున్నర దిగువన పొట్టిగడను అడ్డముగా కట్టిన భుజములగును. కట్టుటకు నైలాను త్రాటికంటె కొబ్బరిపీచు త్రాడు మేలు. నైలాను నున్నగానుండి జాఱును. పీచుత్రాడు గరుకుగానుండి వెదురును పట్టుకొనును. కత్తెరవలె ఎదురెదురు మూలలుగా నాలుగుచుట్లు చుట్టి, పిమ్మట రెండు గడల నడుమ రెండుచుట్లు బిగించి ముడివేయవలెను. నడుమ బిగింపు లేని కట్టు ఒక్క రాత్రి గాలికే వదులగును.

గడను పాతుటయందు మన తీరమునకు ప్రత్యేకమైన చిక్కు గలదు. రేగడి నేలలో రెండడుగులు పాతిన గడ నిలుచును. డొంకూరు వంటి ఇసుకనేలలో నది చాలదు. ఎండు ఇసుక ఎంత త్రొక్కినను జాఱిపోవును. కావున గడ యడుగున రెండడుగుల అడ్డకఱ్ఱను కట్టి, మూడడుగుల గోతిలో దింపి, పొరపొరకు నీరు చల్లి దిమ్మెసతో కొట్టవలెను. తడిసిన ఇసుకరేణువులు ఒకదానినొకటి పట్టుకొనును, పైనున్న ఇసుక బరువు అడ్డకఱ్ఱను లేవనీయదు. ఇంకను మూడు దిక్కులకు త్రాళ్లు లాగి మేకులకు కట్టుడు. ఇది వాయుగుండముల కాలము. గాలి వేగము రెట్టింపైనచో దాని త్రోపుడు నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. నిన్న నిలిచిన బొమ్మ నేడును నిలుచునని నమ్మరాదు. తుపాను హెచ్చరిక వచ్చిన దినమున మొదట దింపవలసినవి ఈ గడలే.

ఇదే కారణమున బొమ్మకు నిండుబట్ట కప్పవద్దు. పాత వలను రెండు మడతలుగా భుజములమీదినుండి దిగవిడిచిన గాలి దానిలోనుండి పోవును, గడపై భారము తగ్గును. వెన్నెలలో వల కదలుచుండగా, దూరమునుండి చూచువారికి అది మనిషియో నీడయో తెలియదు. భయము పుట్టించుటకు రూపము స్పష్టముగా నుండుటకంటె అస్పష్టముగా నుండుటయే మేలు. చేతులకు ఎండిన కొబ్బరి ఈనెల కట్టలు వ్రేళ్లవలె అమరును. ప్రక్కటెముకలకు మట్ట నడిమి ఈనెను చీల్చి విల్లువలె వంచిన చాలును. గాలికి చప్పుడు కావలెనన్న గవ్వలకు, చిప్పముక్కలకు రంధ్రములు చేసి దారమున గ్రుచ్చి వ్రేలాడదీయుడు.

తలకు మూడు మార్గములు గలవు. మొదటిది తాటిటెంక. పండు తిన్న పిమ్మట టెంకను కడిగి ఎండబెట్టిన, దాని పీచు తెల్లబడి ముసలివాని గడ్డమువలె నుండును. చిన్న బొమ్మలకు ఇంతకంటె మంచి తల లేదు. రెండవది కుండ. దిష్టిబొమ్మకు మన రైతులు, ఇల్లు కట్టువారు అనాదిగా వాడునది యిదియే. కుండకు మసి పూసి సున్నపు చుక్కలు పెట్టుట మనకు తెలిసినదే. మూడవది కాగితపు తల. పాత వార్తాపత్రికలను చీలికలుగా చింపి, చింతగింజల పొడి కాచిన జిగురులో ముంచి, నూనె రాచిన కుండపై ఆఱు పొరలు అంటింపవలెను. ప్రతి పొరయు ఆరిన పిదపనే తరువాతి పొర వేయుట ముఖ్యము. తొందరపడి తడిమీద తడి వేసిన లోపల బూజు పట్టును. బాగుగ నెండిన పిమ్మట రెండు చిప్పలుగ కోసి కుండనుండి తీసి, మరల నొక పొరతో అతికిన బోలుతల సిద్ధమగును. కొండపల్లి బొమ్మలవారు ఱంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముద్ద చేయుదురు. ముక్కు, చెవులు దిద్దుటకు ఆ ముద్ద మిక్కిలి అనుకూలము.

రంగులకు అంగడి డబ్బాలు కొననక్కఱలేదు. తెలుపునకు సున్నము, నలుపునకు బొగ్గుపొడి, పసుపుపచ్చకు పసుపు, జేగురు వన్నెకు ఎఱ్ఱమట్టి. పసుపులో సున్నము కలిపిన వెంటనే రక్తవర్ణమగును. పారాణి కలుపు స్త్రీలెల్ల దీని నెఱుగుదురు. సున్నమునకు గల క్షారగుణముచే పసుపులోని రంగు మాఱును. దానిపై చింతపులుసు చిలికిన మరల పచ్చబడును. బడిపిల్లలచే ఈ ప్రయోగము చేయించుడు, బొమ్మతోపాటు రసాయనశాస్త్రమును అబ్బును. కాని తడిసున్నము కంటబడిన ప్రమాదము. కావున సున్నపుపని పెద్దలు చేయవలెను.

దీపపు గుమ్మడి చేయువారు మూతను నిలువున కోయక, కత్తిని లోపలికి వాల్చి ఏటవాలుగ కోయవలెను. నిలువుగ కోసిన మూత లోపల పడిపోవును. లోపలి గుజ్జును పారవేయవద్దు, పులుసునకు దప్పళమునకు వచ్చును. గింజలను ఎండబెట్టిన విత్తనమునకును తినుటకును పనికివచ్చును. అన్నమునకు వచ్చు కాయను కేవలము వినోదమునకు వ్యర్థము చేయుట మన పెద్దలు మెచ్చరు. గోడ అంగుళము మందముండునట్లు తొలిచి, కన్నులును నోరును కోసి, మూతకు బొటనవ్రేలంత రంధ్రము చేయుడు. నోటినుండి చల్లగాలి లోనికి పోయి, వేడెక్కి పైరంధ్రమున వెలుపలికి వచ్చును. ఆ దారి లేనిచో దీపము మసిబాఱి ఆఱిపోవును. చలిదేశములలో ఇట్టి కాయ వారము దినములు నిలుచును. మన తీరపు ఉక్కలో రెండు మూడు దినములకే మెత్తబడును. కావున మనకు కుండయే మేలు. కుమ్మరితో ముందుగ చెప్పి, పచ్చికుండగా నున్నప్పుడే కన్నులును నోరును కోయించి కాల్పించిన, ఆ దీపము ఏటేట పనికివచ్చును, కుమ్మరికి నాలుగు డబ్బులు ముట్టును. కొబ్బరిచిప్పకు రంధ్రములు పొడిచి చిన్న ఎల్.ఇ.డి. దీపము పెట్టినను అందమే. చిప్ప త్వరగా మండునది కావున దానిలో నూనెవత్తి పెట్టకూడదు.

చవుకలో గొప్ప బొమ్మ కావలెనన్న నీడను వాడుకొనుడు. తోలుబొమ్మలాటవారు దీపమును తెఱను నమ్ముకొని తరతరములుగా రామాయణ భారతములాడిరి. దీపమునకు ఒక మూరదూరమున అట్టతో కత్తిరించిన జానెడు బొమ్మను నిలిపి, నాలుగు మూరల దూరమున గోడ యుండిన, నీడ నాలుగు జానలగును. బొమ్మను దీపమునకు చేరువచేసిన కొలది నీడ పెరుగును. దీపము చిన్నదైన నీడ అంచు చుఱుకుగ నుండును, పెద్దదైన అంచు చెదరును. జానెడు అట్టముక్క సున్నపుగోడపై తాటిచెట్టంత రాక్షసుడగును. భయము చాలవఱకు ఇట్టిదేయని పిల్లలకు చెప్పుటకు ఇంతకు మించిన పాఠము లేదు.

ఇక ఆకాశదీపము. వెదురుబద్దలను సన్నగ చీల్చి ఆఱు మూలల గూడు కట్టుడు. ప్రక్కలకు పలుచని కాగితమును మైదాజిగురుతో అంటించి, ఆరిన పిదప నూనె రాయుడు. కాగితపు పోగుల నడుమనున్న గాలి వెలుగును చెదరగొట్టును. నూనె ఆ సందులను నింపగా కాగితము వెలుగును పోనిచ్చును. అడుగున మట్టిమూకుడు, దానిలో వ్రేలెడు మందము ఇసుక, ఇసుకపై ప్రమిద నుంచవలెను. పైభాగము తెఱపిగ విడువవలెను. నూనెకాగితము అంటుకొనిన నిముసములో మాడిపోవును గనుక, గాలివీచు రాత్రులలో ప్రమిదకు బదులు విద్యుద్దీపమును పెట్టుట తెలివి. బుడితివంటి చోట్ల కంచు, ఇత్తడి పనివారు మన జిల్లాలోనే యున్నారు. శక్తిగలవారు రంధ్రములుగల ఇత్తడిపాత్రను చేయించుకొనిన తరములు నిలుచును, అగ్నిభయము నుండదు. గడ కొనకు గిలక కట్టి త్రాటితో దీపమును ఎక్కించుచు దింపుచు నుండవచ్చును. విద్యుత్తు తీగల క్రిందను, ప్రక్కనను ఆకాశదీపపు గడ నెత్తరాదు. తడిసిన వెదురు విద్యుత్తును ప్రవహింపజేయును.

నరకాసురుని బొమ్మను తగులబెట్టు ఆచారముగల యూళ్లవారు ఈ మాటలను శ్రద్ధగా వినవలెను. నరకుడు భూదేవికొడుకు. ప్రాగ్జ్యోతిషపురము నేలినవాడు. శ్రీకృష్ణుడు సత్యభామాసమేతుడై వానిని వధించిన కథను పోతనామాత్యుని భాగవత దశమస్కంధమున మీరు చదివియే యుందురు. ఆ బొమ్మను కాల్చుటకు ఊరిబయట ఖాళీస్థలమును చూడుడు. పాకలకు, గడ్డికుప్పలకు, కొబ్బరాకు దడులకు, వలలు దాచిన చోట్లకు చాల దూరముగ, గాలి యూరివైపు వీచని దిక్కున నిలుపుడు. చూపరులు బొమ్మ ఎత్తునకు మూడింతలకంటె దగ్గఱగ నిలువరాదు. ముందే నీటిబిందెలు, ఇసుకకుప్ప సిద్ధముగ నుండవలెను. లోపల గడ్డి, ఎండుటాకులు తప్ప ప్లాస్టికు, నైలానువల, రబ్బరు ఉంచరాదు. నైలాను కరగి బొట్లుబొట్లుగ పడి చర్మమున కంటుకొనును. ముఖ్యముగ మన ప్రాంతమువారు జీడిపిక్కల పెంకులను మంటలో వేయరాదు. పెంకులోని రసము చేతిని పొక్కించునని పలాస, కాశీబుగ్గల పనివారికి తెలియును. దాని పొగ కన్నులకును ఊపిరికిని అంతకంటె చేటు. పిల్లలకు నూలుబట్టలే తొడుగుడు. కాలిన చోట ఇరువది నిముసములు చల్లని నీటిధార విడిచి వైద్యునికడకు కొనిపొండు. సిరా, బూడిద, పేస్టు పూయవద్దు.

అగ్నికంటె మెల్లగ కాల్చు వేఱొక ప్రమాదము గలదు. దానిని చెప్పుటకే ముఖ్యముగ నేనీ ప్రసంగమును అంగీకరించితిని. పడమటి దేశములవారు ఈ వేడుకలో ముసలి మంత్రగత్తె బొమ్మను నిలుపుదురు. వంగిన నడుము, వంకరముక్కు, చేత చీపురు. వారికది నేడు పరిహాసము. ఒకప్పుడు ఆ దేశములలోనే మంత్రగత్తెలను నెపమున వేలకొలది స్త్రీలను చంపిరి. మనకో, అది గతించిన కథ కాదు. ఉత్తరాంధ్రపు కొండప్రాంతములలో చిల్లంగి పెట్టినదని అనుమానించి దిక్కులేని ముసలివారిని కొట్టిన, చంపిన వార్తలను మనమే పత్రికలలో చదివితిమి. జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునికడకు కొనిపోక, పొరుగింటి అవ్వను నిందించిన కుటుంబములు గలవు. అట్టి నేలమీద, వంగిన నడుముగల ముసలిదానిని భూతముగ నిలిపి, పిల్లలచే ఱాళ్లు వేయించిన, ఆ పిల్లలు రేపు ఎవరిపై ఱాళ్లు వేయుదురు? కావున మంత్రగత్తె బొమ్మను మన ముంగిట నిలుపవద్దు. ఊరిలో నున్న ఏ మనిషిని గాని, ఏ కులమును గాని, వికలాంగులను గాని, విధవలను గాని పోలు బొమ్మను చేయవద్దు. నిమ్మకాయలు, కుంకుమ, వెండ్రుకలు చేర్చి చేతబడివలె కనబడు ఏర్పాటులు చేయవద్దు. చేసినవాడు నవ్వును, ప్రక్కయింటివాడు నెల్లాళ్లు నిద్రపోడు. దిష్టిబొమ్మను పూర్వులు చేసినది పక్షిని బెదరించుటకును, పైరును కాచుటకును, చూపఱి అసూయను బొమ్మవైపు మరలించుటకును గాని, మనిషిని హింసించుటకు గాదు.

మఱి ఏ బొమ్మలు నిలుపవలెను? నరకుడున్నాడు, బకుడున్నాడు, నోరు తెఱచిన ఘటోత్కచుడున్నాడు, నిద్రలేవని కుంభకర్ణుడున్నాడు. మన పురాణములలో బొమ్మలకు కొదువలేదు. వారి నడుమ, వాకిలి నడిబొడ్డున, ఇంటి పెద్దల పేర దీపములుంచుడు. తాతకొకటి, అవ్వకొకటి, సముద్రముమీదికి పోయి రానివారికొకటి. డొంకూరువంటి యూళ్లలో అట్టి దీపము పెట్టవలసిన యిండ్లు లేకపోలేదు. వేటకై గుజరాతులోని వేరావలు మొదలగు దూరపు రేవులకు పోయిన మగవారు తిరిగివచ్చు దినమునకై ఎదురుచూచు స్త్రీలును అచ్చట నున్నారు. రాక్షసుని చూచి కేకవేసిన పిల్లవాడు రెండడుగులు లోపలికి వచ్చి దీపముల వరుసను చూడగా, ఇది యెవరిదని అడుగును. అప్పుడు పెద్దలు ఆ మనిషి కథ చెప్పవలెను. పేరు, చేసిన పని, నాటిన చెట్టు, ఎక్కిన పడవ చెప్పిన చాలును. శ్రాద్ధమంత్రములలో మూడు తరముల పేర్లు పలుకుదుము. నేటి పిల్లలలో ముత్తాత పేరు చెప్పగలవారెందఱు? బొమ్మ పిల్లవానిని వాకిటికి రప్పించును. పేరు వాని నోటికి ఎక్కించుట మన పని.

పండుగ ముగిసిన మఱునాడు బొమ్మలను విప్పి తీసివేయుడు. వలలను మడచి లోపల దాచుడు. ఇసుకతిన్నెపై విడిచిన వల సముద్రములోనికి పోయి తాబేళ్లకు ఉరియగును. తేలుకుంచి, తేలినీలాపురములకు వచ్చు పక్షులు మన కతిథులు. చెట్ల నడుమ రాత్రివేళ వల కట్టరాదు, గూళ్ల దాపున బాణసంచా కాల్చరాదు. వెదురు, పీచు, గడ్డి మరల పెరటికి పోయి ఎరువగును. కుండదీపమును కడిగి అటకపై నుంచుడు.

ఊరి పెద్దలు ముందుగనే కూర్చుండి, కాల్చుచోటును, కాపలాదారులను, నిలుపకూడని బొమ్మలను నిర్ణయించి బడిపిల్లలకు చెప్పించిన, ఈ వేడుక ఊరిని కలుపును. వలదని తలుపు మూసిన పిల్లలు చాటుగా చేయుదురు. చాటుగా చేసినదానిలో నిప్పునకు కాపలా యుండదు, మాటకు హద్దుండదు. కావున తాతలే వెదురు చీల్చి యిండు, అవ్వలే వత్తులు చేసి యిండు.

మన పెద్దలకు వెలుగుదారి కలుగుగాక.